ఏరు ఎత్తుకుపోయి నష్టం లేదంటారేంటి?

రాత్రి నుంచి ఒళ్లు మండిపోతోంది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాన్నగారి అబ్బాయి ఒక వీడియో పెట్టాడు. ముక్తినాథ్ యాత్రకి నేపాల్ వచ్చి, పోఖరా నుంచి కాఠ్మాండూ వెళ్తూ దారిలో బస్సు ఆపించి తీశాడు. వానలింకా తగ్గలేదు కదా, వెనకాల మర్స్యాంగ్ది నది నిండుగా పరుగెడుతోంది. "చూడండి, పెద్ద డ్యామ్ లేదు, ముంపు లేదు, ఒక్క ఊరు ఖాళీ చేయించలేదు, అయినా కరెంటు వస్తోంది. ఎవరికీ పైసా నష్టం లేదు. మా తమ్ముడు ఇక్కడ చేసేది ఇదే పని" అని చెప్పాడు. కింద అందరూ దండాలు, చప్పట్లు. ఒక పెద్దాయనైతే "మన పోలవరం వాళ్లు నేర్చుకోవాలి" అని రాశారు.

అన్నయ్య మంచివాడు. నన్ను పొగడటానికే పెట్టాడు. అందుకే ఇంకా బాధేసింది. మా ఇద్దరిదీ పోలవరం ముంపులోని దేవీపట్నం మండలమే. మా ఊరి మీదకి గోదావరి ఎలా వచ్చిందో ఇద్దరం చూశాం. నీళ్ల పేరు చెప్పి మనుషుల దగ్గర ఏం లాక్కుంటారో తెలిసినవాడే "నష్టం లేదు" అనేస్తే ఇంక తెలియనివాళ్లకి ఏం చెప్పాలి? గ్రూపులో రాస్తే గొడవవుతుంది. ఇక్కడ రాస్తున్నాను.

నేను నేపాల్‌లో చిన్న, మధ్యరకం హైడ్రో ప్రాజెక్టుల్లో టర్బైన్లు బిగించే పనిలో ఉన్నాను. అన్నయ్య చెప్పిన ఈ పెద్ద డ్యామ్ లేని పద్ధతిని రన్ ఆఫ్ రివర్ అంటారు. ఆ పేరు వినగానే నది దాని మానాన అది పారుతుంటే పక్కనుంచి కరెంటు తీసుకుంటాం అనుకుంటారు. అలా కాదు. పైన అడ్డుగోడ కట్టి నీళ్లని ఇన్‌టేక్‌లోకి తిప్పుతారు. ఇసుక దిగేదాకా బేసిన్‌లో ఆపుతారు. అక్కడినుంచి కొండ లోపల కిలోమీటర్ల టన్నెల్. చివర్లో పెన్‌స్టాక్ అనే పెద్ద గొట్టంలో నిట్టనిలువునా దిగి టర్బైన్‌ని కొట్టి, పవర్‌హౌస్ కింద మళ్లీ నదిలో కలుస్తాయి. నీళ్లు కొండ లోపలికి వెళ్లిపోయాక, బయట మిగిలిన నది సంగతేంటి? బస్సు కిటికీలోంచి అది కనపడదు. ఈ వానల్లో అసలే కనపడదు, అన్ని నదులూ నిండుగానే ఉంటాయి.

జనవరిలో రండి. ఇన్‌టేక్ దిగువన నడవండి. నదిలో వదలాల్సిన నీటికి నేపాల్ 2001 జలవిద్యుత్ విధానంలో ఒక లెక్క ఉంది. ఏడాదిలో అతి తక్కువ నీళ్లుండే నెల సగటులో పదో వంతు, లేదా పర్యావరణ నివేదికలో చెప్పినంత, ఏది ఎక్కువైతే అది. పదో వంతు అంటే ఆ రోజు పారే నీళ్లలో పదో వంతనుకునేరు, కాదు. అన్నిటికన్నా ఎండిపోయిన నెలలో పదో వంతు. ఆ లెక్కన ఆ ఎండు నెలలో సెకనుకి ఐదు వేల లీటర్లు పారే ఏటిలో మిగిలేది ఐదొందల లీటర్లు. అది కూడా గేటు దగ్గరున్న మనిషి వదిలితే. రాత్రి పూట వదిలారో లేదో చూసేదెవరు?

నేను చూసిన ఒక చోట తెల్లటి బండరాళ్లు పొద్దున్నకల్లా ఆరిపోయి, వాటి మీద పాత నీటిగుర్తు మనిషి నడుమెత్తున కనిపిస్తుంది. రాళ్ల మధ్య గుంటల్లో కదలని నీళ్లు, నాచు. ఒడ్డున ఒక ఘట్టా ఉంది, అంటే నీటితో తిరిగే పిండిమర. చెక్క చక్రం ఎండకి పగుళ్లిచ్చి ఒక రెక్క ఊడిపోయింది. లోపల తిరగలి రాయి మీద ఎవరో మేక దాణా బస్తా పెట్టుకున్నారు. మొక్కజొన్న పిండి కోసం ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పుడు కొండెక్కి బజారుకి వెళ్లాలి. ఎగువకి ఈదే అసలా, సహర్ చేపలకి దారి లేదు. అన్నిటికన్నా నా మనసు విరిచేసింది దహనం సంగతి. వాళ్లు ఏటి ఒడ్డునే దహనం చేసి బూడిద నీళ్లలో కలుపుతారు. పొలం పోతే పరిహారం ఇస్తారు. తండ్రి బూడిద కలపడానికి నీళ్లు లేకపోతే దానికి ఏ కాలమ్‌లో పరిహారం రాస్తారు?

ముక్తినాథ్ వెళ్లొచ్చిన మనవాళ్లకి గండకి అంటే సాలగ్రామం. ఇంట్లో పట్టుబట్టలో పెట్టి పూజ చేస్తాం. అదే కాళీగండకి కిందికొచ్చాక మిర్మీ దగ్గర గోడ కట్టి, ఆరు కిలోమీటర్ల టన్నెల్‌లోకి తిప్పి 144 మెగావాట్లు తీస్తున్నారు. 2002 నుంచి నడుస్తోంది. నీళ్లు తగ్గిన ఆ వంపులోనే రిడీ క్షేత్రం ఉంది. మనం సంక్రాంతి చేసుకునే రోజునే అక్కడ మాఘే సంక్రాంతి స్నానాలకి జనం వస్తారు. నది బాగా బక్కచిక్కే కాలంలో! సాలగ్రామానికి అభిషేకం చేసేవాళ్లకి ఆ నది ఎలా ఉందో అడగాలని ఎందుకు అనిపించదు?

సరే, కరెంటు వద్దా అని అడుగుతారు. కావాలి. కాఠ్మాండూలో చలికాలం రోజుకి పదహారు గంటలు కరెంటు లేని రోజులు ఇక్కడ నాతో పనిచేసేవాళ్లంతా చూశారు. 2016లో కుల్మాన్ ఘీసింగ్ సర్కారు విద్యుత్ సంస్థకి అధిపతిగా వచ్చి లోడ్‌షెడ్డింగ్ పోగొడితే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, న్యాయమే. 1911లోనే ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల ప్లాంటు పెట్టిన దేశం అది. మన దగ్గర కూడా చాలా ఊళ్లకి అప్పటికి కరెంటు అంటే తెలియదు. ఆ దేశానికి కరెంటు హక్కు లేదని నేనెందుకంటాను? కానీ ఈ పద్ధతిలో ఆ కరెంటు కూడా కావాల్సినప్పుడు రాదు. నా కోపం అది.

మెషీన్ సైజు ఎలా నిర్ణయిస్తారో చెప్తాను. ఏడాదిలో నలభై శాతం రోజులే దొరికే ప్రవాహానికి బిగిస్తారు. అంటే సగానికి పైగా రోజులు పూర్తి సామర్థ్యానికి నీళ్లే ఉండవు. మంచు కరగని, వాన లేని ఆ నెలల్లో ఉత్పత్తి మూడో వంతుకి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే హీటర్లు, గీజర్లు ఆన్ అవుతాయి, అప్పుడే భారత్ నుంచి కరెంటు కొంటారు. వానాకాలంలో అందరికీ ఒకేసారి నీళ్లు, అందరికీ ఒకేసారి కరెంటు. లైన్లు చాలవు, కొనేవాళ్లు చాలరు, నీళ్లు గోడ మీంచి వృథాగా పోతాయి. ఖిమ్తీ–ధల్కేబర్ లైను ఒక్కటి పూర్తవడానికి పదేళ్లు దాటింది, 2017లో గానీ అవలేదు. ఇటు మన దేశం చైనా పెట్టుబడి గానీ, చైనా కాంట్రాక్టర్ గానీ ఉన్న ప్లాంటు కరెంటు కొననంటుంది. 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి నేపాలీల సొంత డబ్బుతో కట్టుకున్న ప్లాంటు, దానికీ అదే గతి. టీ కొట్టు దగ్గర ఇక్కడివాళ్లు నన్ను పట్టుకుని "ఇదేం న్యాయం దాయీ (అన్నా)" అని అడిగితే నేనేం చెప్పాలి?

ఇంత తెలిసీ అదే రకం ప్రాజెక్టులు ఎందుకు కడుతున్నారు? సర్కారు విద్యుత్ సంస్థ ప్లాంట్ల దగ్గర కొనే ధర చూడండి. వానాకాలం యూనిట్ 4.80 నేపాలీ రూపాయలు, అంటే మన మూడు రూపాయలు. చలికాలం 8.40, అంటే మన ఐదుంపావలా. చలికాలానికి ఎక్కువ పెట్టారు, మంచిదే. కానీ ఒప్పందం ప్రకారం కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బులివ్వాలి అన్న హామీ ఉంటే ఎవడికి చలికాలం గురించి టెన్షన్? 2025 మే బడ్జెట్‌లో రన్ ఆఫ్ రివర్‌కి ఇకమీద తీసుకుంటేనే డబ్బులు అన్నారు. ప్రమోటర్లంతా గగ్గోలు పెట్టారు, బ్యాంకులు అప్పివ్వవన్నారు, సర్కారు వెనక్కి తగ్గింది. నిలబడలేని నిర్ణయం తీసుకోవడం ఎందుకు?

లైసెన్సుల సంగతి ఇంకోటి. సర్వే లైసెన్సు తీసుకుని, కట్టకుండా, కొనేవాడి కోసం ఏళ్లతరబడి చేతిలో పెట్టుకు కూర్చునేవాళ్లని అక్కడ "ఝోలామా ఖోలా" అంటారు, సంచీలో ఏరు వేసుకు తిరిగేవాళ్లని. మన తెలుగువాళ్ల కంపెనీ జీఎంఆర్ 2008లో 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీకి ఒప్పందం చేసుకుంది, 2014లో అభివృద్ధి ఒప్పందం కూడా అయింది, గడువు మీద గడువు పెంచారు, ఇప్పటికీ అక్కడినుంచి ఒక్క యూనిట్ రాలేదు. అక్కడి ఊళ్లవాళ్లు ఇన్నేళ్లుగా దేనికోసం ఎదురుచూస్తున్నట్టు?

ఊరివాళ్లకి పది శాతం షేర్లు ఇస్తారు కదా అని మా వాళ్లే అంటారు. ఇవ్వరు, అమ్ముతారు. వంద రూపాయల షేరు వంద పెట్టి కొనుక్కోవాలి. అప్పు చేసి కొన్నవాళ్లున్నారు. మూడేళ్లు అమ్మకూడదు. ఈలోపు వరదొచ్చి ఇన్‌టేక్ కొట్టుకుపోతే నష్టం కూడా వాళ్లదే.

వరదలు రావా? 2016 జూలైలో భోటేకోశి నదికి వచ్చింది. 2024 సెప్టెంబర్ చివర్లో కురిసిన వానకి అప్పర్ తామాకోశి నెలలపాటు ఆగిపోయింది. 2025 జూలై 8న టిబెట్ వైపు హిమానీనదం మీది నీటి మడుగు తెగి చైనా సరిహద్దులోని రసువాగఢీలో మైత్రీ వంతెనని, ఆ పక్క ప్లాంట్లని చావగొట్టి పోయింది. వరద రాని ఏడాది కూడా ఇసుక వదలదు. వానలయ్యాక రన్నర్, అంటే టర్బైన్‌లో తిరిగే చక్రం, బయటికి తీసినప్పుడు నేను ముందు చేసే పని దాని బకెట్ (నీళ్లు కొట్టే గిన్నె లాంటి రెక్క) అంచు వేలితో తడమడం. జూన్‌లో నున్నగా బిగించిన ఉక్కు అక్టోబర్‌కి రంపపు పళ్లలా చేతికి గుచ్చుకుంటుంది. హిమాలయాల ఇసుకలో క్వార్ట్జ్ అలా కోసేస్తుంది. వెల్డింగ్ చేసి, గ్రైండింగ్ పట్టి, కోటింగ్ వేసి మళ్లీ బిగిస్తాం. ఆ ఖర్చు కాగితం మీద ఎంత తక్కువ చూపిస్తే ప్రాజెక్టు అంత లాభంగా కనపడుతుంది, అందుకే తక్కువ చూపిస్తారు. సైట్‌లో ఉన్న ఫిట్టర్‌ని అడిగితే నిజం చెప్తాడు. ఫిట్టర్‌ని ఎవరడుగుతారు?

మరేం చెయ్యాలంటావ్ అంటారు. చలికాలానికి నీళ్లు దాచాలి, అంటే రిజర్వాయర్ కట్టాలి. ఇన్నేళ్లకీ నేపాల్‌లో వానాకాలం నీళ్లు దాచి చలికాలం వాడుకునేది కులేఖానీ ఒక్కటే, దాని మూడు ప్లాంట్లూ కలిపి 106 మెగావాట్లు. ఇంజినీర్‌గా నాకు జవాబు తెలుసు. ఆ మాట నా నోట్లోంచి రాదు. బుఢీగండకి 1200 మెగావాట్ల రిజర్వాయర్ చూడండి. 2017లో చైనా కంపెనీకి ఇచ్చారు, అదే ఏడాది రద్దు చేశారు, 2018లో మళ్లీ ఇచ్చారు, 2022లో మళ్లీ తీసేశారు. ఈలోపు మునిగే ఊళ్లని గుర్తుపెట్టారు, పరిహారం పంచారు. డ్యామ్ రాలేదు. ఉన్న ఇల్లు బాగుచేసుకోవాలా, కొత్త చోట కట్టుకోవాలా తెలియక ఒక తరం అలా కూర్చుంది.

ఆ కూర్చోవడం మాకు తెలుసు. పోలవరంలో దాదాపు లక్ష కుటుంబాలు కదలాలి. 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఎత్తు గీత, లోపలివాళ్లకి ముందు, 45.72 దాకా ఉన్నవాళ్లకి తర్వాత అన్నారు. 2022 జూలైలో గోదావరి కాంటూరు చూసుకుని వచ్చిందా? నేల మీద గీత గీసి ఇటువైపు నువ్వు నిర్వాసితుడివి, అటువైపు కాదు అని చెప్పినవాళ్లెవరూ ఆ రాత్రి గుడిసె ఖాళీ చేసి గుట్ట ఎక్కలేదు. అడవిలో తేనె, చింతపండు, వెదురు తెచ్చుకుని బతికిన కొండరెడ్డిని తీసుకెళ్లి కాలనీలో సిమెంటు గదిలో పెట్టి ఇల్లిచ్చాం అన్నారు. గండి పోచమ్మ గుడి ఏటా నీళ్లలోనే. మా వాళ్లు గోదావరి దాటి చుట్టాలింటికి వెళ్లిన రేవులు ఏవీ లేవు ఇప్పుడు. మాకు నష్టం జరిగిందని కనీసం ఫొటోలో కనపడుతుంది, నీళ్ల మీద గుడి గోపురం కనపడుతుంది. నేపాల్ కొండల్లో ఊరు అలాగే ఉంటుంది, ఇళ్లు ఉంటాయి, ఆవులు ఉంటాయి. ఏరు మాత్రం ఉండదు. ఫొటోలో ఏం కనపడుతుంది? అందుకే మా అన్నయ్య లాంటివాళ్లు వచ్చి, చూసి, "నష్టం లేదు" అని చెప్పి వెళ్లిపోతారు.

అన్ని పెద్ద మాటలూ పక్కన పెట్టండి. ఒక్కటి చెయ్యండి చాలు. ప్రతి ఇన్‌టేక్ దగ్గరా ఈ గంటలో నదిలోకి ఎన్ని లీటర్లు వదిలారో ఊళ్లోవాళ్లకి కనపడేలా ఒక బోర్డు పెట్టండి. మీటరు ఎలాగూ ఉండాలి, బోర్డుకి అయ్యే ఖర్చు ఒక రన్నర్ వెల్డింగ్ బిల్లులో మూలకి కూడా రాదు. పైవాళ్లతో మీటింగుల్లో నేను అడుగుతూనే ఉన్నాను, చూద్దాం అంటారు, చూడరు. షేరు ధర నిమిషానికోసారి ఫోన్‌లో చూపించగలిగినవాళ్లు నీళ్ల లెక్క రోజుకోసారి చూపించలేరా? ముందు ఆ బోర్డు పెట్టించండి, తర్వాత నాతో గ్రీన్ ఎనర్జీ గురించి మాట్లాడండి.