సవరణ: 43 అడుగుల హెచ్చరిక భద్రాచలానిది, ధవళేశ్వరానిది కాదు

గోదావరి వరద మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో మూడు ప్రమాద హెచ్చరికలూ 43, 48, 53 అడుగులని ఉంది. అవి భద్రాచలానికే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులని చదువుకోవాలి. ఏ గేజీ (నీటిమట్టం కొలిచే గీతల పలక) సున్నా దానిదే. ఆ అంకె నది లోతు కాదు, ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

భద్రాచలంలో తగ్గుముఖం పట్టిందని లంకల్లోవాళ్లు పశువుల్ని వెంటనే వెనక్కి తోలుకురావద్దు. ఉపనది శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. ఆ నీళ్లు భద్రాచలం లెక్కలోకి రావు. పైగా ఎగువన తగ్గిన సంగతి బ్యారేజీ దగ్గర తెలియడానికి గంటలు పడుతుంది. లంకలకు ధవళేశ్వరం అంకే ముఖ్యం.

గేజీ పలక చదివేటప్పుడు అల ఎగిసిన గీత, దిగిన గీత రెండూ చూసి మధ్యది రాసుకోండి, పక్కనే టైమూ వేయండి. టైము లేని రీడింగుతో నీరు పెరుగుతోందో తగ్గుతోందో తేల్చలేం.