అనామతు ఖాతా గారికి, ఒక ఎంకాం అమ్మాయి రాయునది

అనామతు ఖాతా గారికి,

నమస్కారం. గారు అని రాశాను గానీ మన పరిచయానికి అంత మర్యాద ఎక్కువే. ఇంటర్ సీఈసీ మొదటి సంవత్సరంలో కలిశాం. తర్వాత బీకాం మూడేళ్లు, ఇంట్లో ఊరికే కూర్చున్న ఒక ఏడాది, ఇప్పుడు ఎంకాం మూడో సెమిస్టర్. లెక్కేస్తే ఎనిమిదో ఏడు నడుస్తోంది. నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు. లెక్క రెండు వైపులా సరిపోనప్పుడు, ఎటు రాయాలో తేలనప్పుడు, ఆ మొత్తాన్ని తాత్కాలికంగా పడేసే ఖాతావి నువ్వు, ఇంగ్లీషులో సస్పెన్స్ అకౌంట్‌వి.

మొన్న మంగళవారం పరీక్ష హాల్లో మళ్లీ నీ కాళ్లు పట్టుకున్నాను. హెచ్ లిమిటెడ్ వాళ్లు ఎస్ లిమిటెడ్‌లో 80 శాతం వాటాలు కొన్నారు, రెండింటికీ కలిపి ఒకే ఆస్తి అప్పుల పట్టిక వేయమన్నారు. (ఇన్నేళ్లుగా ఈ రెండు కంపెనీల కష్టసుఖాలు చూస్తున్నాను గానీ వాళ్లు ఏం తయారు చేస్తారో, ఎవరికి అమ్ముతారో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే సార్ కోప్పడతారు.) కొనకముందు లాభం వేరు చేశాను, కొన్న తర్వాత లాభం వేరు చేశాను, మిగతా 20 శాతం వాళ్లకు చెందే మైనారిటీ వాటా తీశాను, ఆస్తుల విలువకు మించి పెట్టిన ధర, అంటే గుడ్‌విల్ తేల్చాను, ఖర్చు మీద 25 శాతం లాభానికి అమ్మారంటే అమ్మిన ధర మీద 20 శాతమే అని గుర్తు పెట్టుకుని మరీ మిగిలిపోయిన సరుకులో రాని లాభం తీసేశాను. చివర్లో గీత కొట్టి కూడితే అప్పుల వైపు కంటే ఆస్తుల వైపు 2,700 తక్కువ.

టైమ్ ఇంకా ఆరు నిమిషాలు ఉంది. ఇన్విజిలేటర్ మేడమ్ అప్పటికే దారం కట్టుకోండి, దారం కట్టుకోండి అని తిరుగుతున్నారు. తేడాని సగం చేసి చూడాలి, ఎక్కడైనా ఆ సగం అంకె కనిపిస్తే దాన్ని పొరపాటున అటుది ఇటు వేసినట్టు. 1,350 ఎక్కడా లేదు. తొమ్మిదితో భాగించి చూడాలి, శేషం లేకుండా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారు అయి ఉండొచ్చు. 2,700ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 300. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, కానీ ఏ గదిలో ఉన్నాడో వెతకడానికి ఆరు నిమిషాలు చాలవు. అందుకని ఆస్తుల వైపు అట్టడుగున, స్కేలు పెట్టి గీత కూడా గీయకుండా, సస్పెన్స్ అకౌంట్ 2,700 అని రాసి దారం కట్టేశాను.

ఎంకాం చదువుతూ నిన్ను వాడటం సిగ్గుచేటని నాకూ తెలుసు. ఇలా రెండు కంపెనీలకు కలిపి వేసే ఏకీకృత పట్టికలో నీకు చోటే లేదు. అయినా స్టెప్ మార్కుల మీద ఆశ ఉన్న ఏ కామర్స్ విద్యార్థి అయినా జీవితంలో ఒక్కసారైనా నిన్ను తలుచుకోకుండా బయటపడ్డాడా? పేపర్లు దిద్దే సార్లు కూడా ఒకప్పుడు తలుచుకున్నవాళ్లే కదా.

ఇంటర్‌లో తెలుగు మీడియం కాబట్టి అప్పుడు నీ పేరు అనామతు. చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు. అందరూ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లా ఉండేవారు. డిగ్రీకి వచ్చాక జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, సస్పెన్స్ అయ్యారు. ఆ మొదటి సెమిస్టర్ అంతా చుట్టాలనే కొత్తగా పరిచయం చేసుకున్నట్టు గడిచింది. అనామతు అనే మాట ఉర్దూలోని అమానత్ నుంచి వచ్చిందంటారు. నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము అని అర్థం. మా తాతయ్య ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా ముప్పై ఏళ్లు చేశారు. చదివింది ఏడో తరగతి. తక్‌పట్టీలు (రైతు సరుకు తూకం, ధర రాసిచ్చే చీట్లు) రాసేవారు, రాత్రికి నగదు పెట్టెకూ పుస్తకానికీ పది రూపాయల తేడా వచ్చినా భోజనానికి లేచేవారు కాదట. ఎవరో రైతు వచ్చి ఇది ఉంచవయ్యా, మళ్లీ వచ్చి చెప్తా అని ఇచ్చిన డబ్బును ఆయన అనామతులో రాసేవారు. అది ఎవరిదో తెలుసు, ఎందుకో తెలియదు, ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వాలి. మా సిలబస్ నీకిచ్చిన అర్థం కంటే ఆయన ఇచ్చిందే బాగుందనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా క్లాసులో నలభై రెండు మందిమి, అందులో ముప్పై మందికి పైగా అమ్మాయిలమే. ఎంకాంలో ఎందుకు చేరావు అని ఎవరిని అడిగినా మొదట నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) రాస్తా, లెక్చరర్ అవుతా అంటారు. ఇంకో కప్పు టీ తాగాక అసలు సంగతి చెప్తారు. మా ఇంట్లో అయితే దాపరికం కూడా లేదు. బీకాం అయ్యాక ఏడాది పాటు సంబంధాలు చూశారు, ఏదీ కుదరలేదు. మా పెద్దమ్మ వచ్చి, పిల్ల ఇంట్లో ఖాళీగా ఉందంటే బాగోదు వదినా అని మా అమ్మతో కాదు, మా మేనత్తతో అంది. నాన్న సెల్‌ఫోన్ లోంచి తల ఎత్తకుండా, పోనీ కుదిరే దాకా ఎంకాం చదవనీ అన్నారు. అదిగో, ఆ కుదిరే దాకా అన్న మాట విన్నప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఎటు రాయాలో తెలియని మొత్తాన్ని, తేలే దాకా, తాత్కాలికంగా నీలో పడేస్తారు. ఖాతాల నిల్వలన్నీ రెండు వైపులా కూడి చూసే అంకణా, చూడటానికి సరిపోయినట్టు ఉంటుంది. ఇంటికి ఎవరైనా వస్తే మా అమ్మాయి పీజీ చేస్తోంది అని చెప్పొచ్చు.

కంపెనీల చట్టం 2013, రెండో షెడ్యూల్ ప్రకారం కంప్యూటర్ ఉపయోగకాలం 3 ఏళ్లు, మామూలు కుర్చీలు బల్లలకు 10 ఏళ్లు. అమ్మాయికి ఎన్నేళ్లో మా పెద్దమ్మ దగ్గర ఒక షెడ్యూల్ ఉంది, ఇరవై ఐదు దాటితే అవశేష విలువ, అంటే ఆఖర్న పాత సామానుకు వచ్చే ధర కూడా మిగలదని ఆవిడ లెక్క. తరుగుదల లెక్కలు నాకంటే ఆవిడ వేగంగా వేస్తుంది. ఏ పద్ధతి పెద్దమ్మా, సరళ రేఖా పద్ధతా, తగ్గుతున్న నిల్వల పద్ధతా అని అడుగుదామనుకున్నాను. మా అమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

సీఏ చేయొచ్చుగా అని అడిగేవాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. వాళ్లలో ఒక్కరూ ఫీజు కడతామని అనలేదు.

నెట్ సంగతి. సబ్జెక్ట్ కోడ్ 08, మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000. ఆ అంకె మా హాస్టల్ గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉంది, దేవుడి పటం పక్కన. మా సీనియర్ అక్క నాలుగుసార్లు రాసింది, ప్రతిసారీ ఒకటి రెండు శాతాల దూరంలో ఆగిపోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో చెప్తోంది, జీతం ఎంతని అడిగితే టాపిక్ మారుస్తుంది.

నేను మధ్యాహ్నాలు ఒక ఆడిటర్ ఆఫీసులో ఎంట్రీలు కొడతాను. అక్కడ తెలిసింది నీ అసలు బతుకు. పరీక్షల్లో నిన్ను దేనికి వాడతారు? అంకణా రెండు వైపులా సరిపోనప్పుడు. ఆఫీసులో లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే వోచర్ సేవ్ అవ్వదు, ఎంత బతిమాలినా అవ్వదు. మహా అయితే ఓపెనింగ్ బ్యాలెన్స్‌లలో తేడా అని ఒక లైన్ చూపిస్తుంది, అంతే. అంటే సరిపోని అంకణాను సరిచేయండి అని మాకు ఏళ్ల తరబడి నేర్పిన తప్పు, ఈ రోజుల్లో ఎవరైనా చేద్దామన్నా చేయలేని తప్పు. అయినా నువ్వు టాలీలోనూ ఉన్నావు. మొదటి నుంచీ ఉండే 28 గ్రూపుల్లో సస్పెన్స్ అకౌంట్ ఒకటి. ఎందుకు ఉన్నావో మొదటి నెలలోనే అర్థమైంది.

ఒక బట్టల కొట్టు ఆయన బిల్లులన్నీ స్వీట్ల డబ్బాలో వేసి పంపిస్తాడు. కొట్లో స్కానర్ పెట్టాడు, దానికి తన సొంత ఖాతానే లింక్ చేశాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే చీర అమ్మిన 1,800, బావమరిది అప్పు తీర్చిన 1,800, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కోసం పక్క ఫ్లాట్ ఆయన వేసిన 1,800, అన్నీ ఒకే రంగులో ఒకదాని కింద ఒకటి. ఏది ఏదో ఎవరు చెప్తారు? ఫోన్ చేస్తే, అమ్మా గిరాకీ టైమ్, సాయంత్రం చెయ్ అంటాడు. సాయంత్రం చేస్తే ఎత్తడు. జీఎస్టీ రిటర్న్‌కి 20వ తారీఖు ఆఖరు, దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, అది కూడా మమ్మల్నే అడుగుతాడు మీరేం చేస్తున్నారని. అప్పుడు మా సార్ కళ్లజోడు పైకి నెట్టుకుని అంటారు, సస్పెన్స్‌లో వేసెయ్ తల్లీ, మార్చిలో చూద్దాం. మార్చిలో ఎవరూ చూడరు. పోయిన మార్చిది కూడా నీలోనే ఉంది, అంతకు ముందు మార్చిది కూడా.

దీని మీద నాలుగు సెమిస్టర్లలో ఒక్క ప్రశ్న రాదు. మైనారిటీ వాటా అని మేం బట్టీ పట్టిన దాన్ని ఇండ్ ఏఎస్ 110 అనే అకౌంటింగ్ ప్రమాణంలో నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ అంటారని మాకు చెప్పింది ఆఫీసులో సీఏ కోసం ఆర్టికల్‌షిప్ చేస్తున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు. మొదటి యూనిట్‌లో మాత్రం ప్రతిసారీ 1494, వెనిస్, లూకా పాచియోలీ. జంట పద్దు విధానాన్ని అచ్చులో పెట్టిన క్రైస్తవ సన్యాసి. ఆయనంటే గౌరవమే, సంసారం లేదు గనుక పద్దులు సరిపోయాయేమో అని చిన్న అనుమానం.

నిన్ను తిట్టడానికే కూర్చున్నాను, నిజం. తిట్టేదాన్ని కూడా, సెమినార్‌కి సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల కేసు ఇవ్వకపోయి ఉంటే. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ చదివాను. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో లేనివి 5,040 కోట్లు. పులి మీద స్వారీ, దిగితే తినేస్తుంది అని ఆయనే రాసుకున్నాడు. నాకు ఆ పులి కంటే పట్టిక ఎక్కువ భయం వేసింది. ఎందుకంటే అది సరిపోయింది. పైసాతో సహా సరిపోయింది. ఆస్తుల వైపు ఎంతో, అప్పుల వైపు అంతే. నా 2,700 లాంటి కురూపి లైన్ అందులో ఒక్కటీ లేదు. సెమినార్‌లో ఇదే చెప్పి, సార్, సరిపోయిన పట్టికకు పది మార్కులు వేసి, తెలియదని ఒప్పుకున్న దానికి కోత పెడతారు కదా, మరి ఇది ఎలా అని అడిగాను. మంచి ప్రశ్న అన్నారు. ఇంటర్నల్స్‌లో ఇరవైకి పదమూడు వేశారు.

పుస్తకం మొత్తంలో నాకు తెలియదు అని రాసి ఉండేది నీ లైన్ ఒక్కటే. అందుకే ఆడిటర్ల కళ్లు మొదట నీ మీద పడతాయి. మా ఇంట్లో కూడా అంతే, చుట్టాలందరి కళ్లూ నా మీదే. బాబాయి కొడుకు నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు, అమీర్‌పేటలో ఏదో కోర్సు అంటారు, అయినా వాడి పద్దు ఎప్పుడో స్థిరాస్తుల్లో రాసేసుకున్నారు.

ఇదంతా రాస్తూ మధ్యలో లేచి ప్రశ్నపత్రం తీశాను. రాత్రి ఒకటిన్నర. అదే లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాను, ఈసారి మొదటి దెబ్బకే సరిపోయింది. అంటే పద్ధతి తప్పలేదు, అంకె ఎక్కించడంలో ఎక్కడో తప్పాను. తారుమారు చేస్తే 2,700 తేడా వచ్చే అంకె కోసం పేపరంతా వేలుపెట్టి చూశాను. హెచ్ లిమిటెడ్ రుణగ్రస్తులు, అంటే ఆ కంపెనీకి బాకీ ఉన్నవాళ్లు, 49,600. హాల్లో 46,900 అని ఎక్కించి ఉంటాను. ఇంకో అంకె ఏదీ కాదు, అదే.

రఫ్ నోట్ పుస్తకంలో పద్ధతిగా రాసుకున్నాను, గీతలు గీసి మరీ:

రుణగ్రస్తుల ఖాతా డెబిట్ 2,700
టు అనామతు ఖాతా 2,700
(రుణగ్రస్తుల మొత్తం 49,600కు బదులు 46,900గా రాసిన తప్పును సవరించినందున)

దీంతో నీ నిల్వ సున్నా. కానీ జవాబుపత్రం ఈపాటికి వాల్యుయేషన్‌కు వెళ్లిపోయి ఉంటుంది. ఏ కట్టలోనో, దారం కట్టి, నువ్వు ఇంకా అక్కడే ఉన్నావు. అట్టడుగు లైన్‌లోనే అనుకో, ఆస్తుల వైపే ఉన్నావు.

ఇట్లు,
ఎంకాం, మూడో సెమిస్టర్
ఖమ్మం

తా.క. ఆ మూడు 1,800లలో ఒకటి బావమరిదిదేనట. ఇందాకే బట్టల కొట్టు ఆయన మెసేజ్ పెట్టాడు. ఏ తేదీదో మాత్రం చెప్పలేదు.