సంతకం ముందు, తీర్మానం తర్వాత

మహారాజశ్రీ గ్రామసభ గారి దివ్యసముఖమునకు,

నిన్న తమరు కొలువుతీరినప్పుడు నన్నూ పిలిచినందుకు కృతజ్ఞతలు. ఊరు పడుకున్నాక చాటింపు వేయించారు, పొద్దున పది గంటలకని. వినపడినవాళ్లం పదింటికే వచ్చాం. అధికారులు మాత్రం భోజనాలు ముగించుకుని వచ్చారు.

తమరు సామాన్యులు కారని తెలుసు. 73వ సవరణ పుణ్యమా అని 1993 ఏప్రిల్ 24 నుంచి రాజ్యాంగంలో, 243-ఎ అధికరణంలో దర్జాగా కూర్చున్నారు. శాసనసభలోకి వెళ్లాలంటే గెలవాలి. మీ దగ్గరికి రావడానికి ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. అంటే నేనూ సభ్యుణ్ణే. నా మీద అవిశ్వాసం పెట్టి దించేవాడు కూడా లేడు. ఇంత హోదా ఉన్నవాణ్ణి షామియానా బయట ఎండలో నిలబెట్టారు, పర్లేదు. మైకు ఒక్కసారైనా సర్పంచ్ గారి చేతికి రాలేదు, అంతసేపూ వాళ్లాయనే పట్టుకున్నారు. మేం ఓటేసింది ఆవిడకని గుర్తు. సరే, అది వాళ్ల సంసారం. యువత సభలకు రావట్లేదని స్టేజీ మీద తెగ బాధపడ్డారు కూడా. వచ్చినవాళ్లకి ఏం మర్యాద జరుగుతోందో చూస్తే వాళ్లకే తెలిసేది.

ఇవన్నీ వదిలేస్తాను. వదల్లేనిది ఆ రిజిస్టరు.

అట్ట ఊడి, కుట్టు దారం వేలాడుతున్న పొడుగాటి రిజిస్టరు. కార్యదర్శి గారు కొత్త పేజీ తిప్పి, పై సగమంతా తెల్లగా వదిలేసి, కింది సగంలో గీతలు కొట్టి వరుస నంబర్లు వేశారు. నా ముందు ఒక ముసలమ్మ వేలిముద్ర వేసి, అంటిన సిరా కొంగుకి తుడుచుకుంటోంది. పింఛను ఆగిపోయిందని అడగడానికి వచ్చింది పాపం. "అది మన చేతిలో లేదులే అవ్వా, ముందు వేలు ఇటివ్వు" అన్నారు. తర్వాత నా వంతు.

"పైన ఈ ఖాళీ ఏంటండీ?"

"తీర్మానం సార్."

"ఏం తీర్మానం?"

"తర్వాత రాసుకుంటాం. మీకెందుకు సార్ టెన్షన్?"

అప్పటికి సభ ఇంకా మొదలే కాలేదు. మొదలయ్యాక మా వీధి మురుగుకాలువ సంగతి ఎత్తితే ఎజెండాలో లేదన్నారు. ఎజెండా ఎక్కడుందంటే రిజిస్టర్లో ఉందన్నారు. రిజిస్టర్లో ఖాళీ ఉంది.

ఆ ఖాళీలో ఏం రాస్తారండీ మీరు? 'సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అనేగా. ఎవరు చర్చించారు? దేన్ని ఆమోదించారు? రేపు ఆ జాగాలో చెరువు మట్టి పోవచ్చు, పోరంబోకు పోవచ్చు, వెయ్యని సీసీ రోడ్డు పూర్తయిపోవచ్చు. అడిగితే కింద నా సంతకం, అవ్వ వేలిముద్ర చూపిస్తారు. సొంత బావమరిది అడిగినా ఖాళీ ప్రోనోటు మీద ఎవరూ సంతకం పెట్టరే, ఊరిని రాసిచ్చే కాగితం మీద మాత్రం కళ్లు మూసుకుని పెట్టాలా?

సిగ్గనిపించడం లేదా నీకు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం, 17వ సెక్షన్, ఊళ్లో జరిగిన పనుల మీద సామాజిక తనిఖీ చెయ్యమని నీకే అప్పజెప్పింది. మస్టర్లో, అంటే కూలీల హాజరు పట్టీలో, దొంగ పేర్లు పట్టుకోవాల్సినదానివి నువ్వు. నీ పుస్తకమే ఇలా ఉంటే ఇంక ఎవరిది పట్టుకుంటావు?

చేతకానిదానివైతే ఇంత కోపం వచ్చేది కాదు. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఆ కొండ మీద గిరిజనులకున్న హక్కుల సంగతి తేల్చమని కోర్టు నిన్నే అడిగింది. 12 పల్లెల్లో కూర్చున్నావు. జిల్లా జడ్జి ఎదుట జనం లేచి తమ భాషలో తమ మాట చెప్పారు. 12కి 12 చోట్లా వద్దన్నావు. అంత పెద్ద కంపెనీ కొండ ఎక్కలేకపోయింది. ఆ నువ్వే మా ఊళ్లో ఒక తెల్ల కాగితం నింపే దిక్కు లేకుండా పడున్నావు.

అందుకే నిన్న పెన్ను తీసుకుని, పైనున్న ఖాళీకి ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి, అప్పుడు సంతకం పెట్టాను. "పేజీ పాడుచేశారు సార్" అన్నారు కార్యదర్శి గారు, ఏమాత్రం కోపం లేకుండా. ఇంకో పేజీ తిప్పారు. మళ్లీ పై సగం వదిలేసి, మళ్లీ నంబర్లు వేశారు. జనం మళ్లీ వరుసలో నిలబడ్డారు. అవ్వని మళ్లీ పిలిచారు.

రెండు పేజీల నకళ్లూ కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు ఇచ్చాను. 30 రోజుల్లో ఇవ్వాలి. నేను గీసిన పేజీ రిజిస్టర్లోనే ఉంటే చాలు, అదే పదివేలు.

ఇట్లు,
చెడిపోయిన పేజీలో 31వ నంబరు