1841 నాటి సెన్సస్ దొరవారికి ఒక వియ్యంకుడి విన్నపం

మహారాజశ్రీ ఇంగ్లండు జనాభా లెక్కల దొరవారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. వంశవృక్షాల వెబ్‌సైట్లవాళ్లు మీ కాగితాల్ని స్కాన్ చేసి, చందా కట్టించుకుని మరీ దర్శనం ఇప్పిస్తున్నారు, తిరుమలలో కూడా ఉచిత దర్శనం ఉంది.

మావాడు ఇంగ్లండు పిల్లను చేసుకున్నాడు. కోడలి తరఫువాళ్లది నార్ఫోక్ కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది. తరతరాలుగా పొలం కూలీలు. మనవరాలి కోసం రెండు వైపులా వంశవృక్షం గీద్దామని కూర్చున్నాను. మావైపు తొందరగానే తేలిపోయింది. తద్దినానికి మూడు తరాల పేర్లు చాలు, నాలుగో తరం సంగతి పురోహితుడు అడగడు, మేం చెప్పం. వియ్యాలవారి వైపు మాత్రం 1538 నుంచి రికార్డులున్నాయని ఊరించారు. ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చాడట, ప్రతి చర్చిలో బాప్టిజం, పెళ్లి, ఖననం పుస్తకంలో ఎక్కించమని. ఎక్కించారు. ఎలకలు, చెమ్మ వదిలేసినంత మేరకు ఇప్పటికీ ఉన్నాయి.

అయినా నేను రాస్తున్నది తమరికే. మీ అన్నలు నలుగురు 1801 నుంచి పదేళ్లకోసారి వచ్చి, తలకాయలు లెక్కపెట్టుకుని పోయారు. దేశం మొత్తం మీద ఇంటింటికీ మనిషిని పంపి పేరుపేరునా రాయించిన ఘనత మీదే. ఆ ఘనత ఎలా వెలగబెట్టారో మనవి చేసుకుంటాను.

జూన్ 6 రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో రాయించారు. బాగుంది. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో మాత్రం రాయించలేదు. మగవాడి పేరు కింద ఆడమనిషి పేరుంది. పెళ్లామా, చెల్లెలా, వంటమనిషా? ఇది చిన్న విషయం కాదు దొరా, మావైపు ఇలాంటి అనుమానానికి పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఏ ఊళ్లో పుట్టారో అడగలేదు. ఈ కౌంటీలో పుట్టావా లేదా అని మాత్రం అడిగి, ఒక్క అక్షరంతో సరిపెట్టారు. ఇక వయసు. పదిహేను దాటినవాళ్లకి కిందున్న అయిదుకి దించి రాయమన్నారు. 39 ఏళ్లాయన మీ పుస్తకంలో 35. సంబంధాలు చూసేటప్పుడు వయసు తగ్గించడం మావాళ్లకీ అలవాటే గానీ, సర్కారువారే పూనుకుని దేశమంతటికీ తగ్గించడం మాకు తోచలేదు.

పైగా ఇదంతా పెన్సిలుతో! లండనులో కూర్చున్న గుమాస్తా మొత్తాలు వేసుకుంటూ వయసు అంకెల మీదే అడ్డగీతలు కొట్టుకుంటూ పోయాడు. ఆ గీత కింద ఉన్నది 20 అవునా 30 అవునా అని ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే, గీత ఇంకా పెద్దదైంది.

వృత్తి దగ్గర పొలం కూలీ అని నిండుగా రాయడానికి తీరికలేక, 'ఏజీ ల్యాబ్' (అగ్రికల్చరల్ లేబరర్) అని పొట్టిగా రాయమని మీరే అనుమతి ఇచ్చారు. నార్ఫోక్ పేజీల్లో కిందికంటా అదే. దాని కింద ఆయన భార్య గడి ఖాళీ. ఆవిడేమీ ఖాళీగా లేదండీ. అక్కడి ఆడవాళ్లు పొలంలో రాళ్లు ఏరారు, కలుపు తీశారు, చలికాలం టర్నిప్పులు పీకారు. కానీ భార్యల వృత్తి రాయనక్కర్లేదని మీ నిబంధనల్లోనే ఉంది.

మీకంటే పెద్దలైన చర్చి రిజిస్టర్ల దగ్గరికి వెళ్తే అక్కడింకో వేషం. 1783లో ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను వేశారు, బీదలకు మినహాయింపు ఇచ్చారు. దాంతో కొన్ని ఊళ్లలో ఉన్నట్టుండి బీదవాళ్లు ఎక్కువైపోయారు. తెల్ల రేషన్ కార్డు చూసినవాణ్ని, నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. పదకొండేళ్ల తర్వాత పన్ను తీసేశారు.

ఇదంతా చూసి, పాపం ఈ దొరలకి కూలివాళ్ల గురించి వివరంగా రాయడం చేతకాదేమో అనుకున్నాను. చర్చి పెట్టెలో ఇంకో కట్ట దొరికాక తెలిసింది, ఎంత చక్కగా చేతనౌనో.

1662 నాటి చట్టం ప్రకారం బీదవాడు చేయి చాస్తే, వాణ్ని పోషించాల్సింది వాడు ఏ పారిష్‌కి, అంటే ఏ చర్చి కిందున్న ఊరికి, చెందితే ఆ పారిష్. కాబట్టి వాడు మా ఊరివాడు కాదని తేల్చడం ఊరి పెద్దలకి లాభం. అందుకని ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించేవారు. ఎక్కడ పుట్టావు? ఏ రైతు దగ్గర, సెప్టెంబరు చివర వచ్చే ఏ మైకెల్మస్ పండగ నుంచి ఎన్నాళ్లు పనిచేశావు? జీతమెంత? ఎవర్ని, ఏ చర్చిలో కట్టుకున్నావు? పిల్లలెందరు, ఎవరి వయసెంత? అంతా సిరాతో, గుండ్రటి దస్తూరీలో. రెండేళ్ల పిల్లవాడి వయసు రెండేళ్లే. చివర వాడి గుర్తు, ఒక ఇంటూ.

ఏడాది పూర్తిగా ఒకరి దగ్గర జీతానికి ఉంటే ఆ ఊరి హక్కు వచ్చేది. అందుకని కొందరు రైతులు 51 వారాలకి కుదుర్చుకుని, పంపేసేవారు. ఈ కిటుకు మన కాంట్రాక్టు ఉద్యోగాల వాళ్లు సొంతంగా కనిపెట్టారని ఇన్నాళ్లూ గర్వపడ్డాను.

పెళ్లికాని పిల్ల నెలతప్పితే కంగారు మరీ ఎక్కువ. పుట్టేవాడు తమ ఖాతాలో పడతాడని, నెలలు నిండకముందే బండెక్కించి పొలిమేర దాటించిన ఊళ్లున్నాయి. వీలుకాకపోతే పురిటినొప్పుల్లో ఉన్నదాన్ని మంత్రసాని చేత "తండ్రెవరో చెప్పు" అని అడిగించేవారు. చెప్పాక ఆ పేరు, ఊరు, వృత్తి అన్నీ పొల్లుపోకుండా రాసి, వాడి చేత ఖర్చుకి పూచీ రాయించుకునేవారు. అంటే ఖర్చు తప్పుతుందంటే మీవాళ్లకి బీదవాడి ఏడుతరాల చరిత్రా కావాలి. ఖర్చు లేనప్పుడు వాడు ఏజీ ల్యాబ్.

మీ తమ్ముళ్లు కొంత నయం. 1851 ఆయన ఊరూ, వరసా అడిగాడు. 1871 ఆయన ఇంట్లో మతిలేనివాళ్లున్నారా అని ఒక గడి పెట్టాడు, అందులో ఇంటి యజమాని ఎవరి పేరు రాయాలో తేల్చుకోవడానికి ఎంత టెన్షన్ పడి ఉంటాడో. 1911 ఆయన ఇంటివాళ్లు స్వయంగా నింపిన కాగితాలనే దాచిపెట్టాడు. కోడలి తాతకి తాత రాసిన కాగితం అలాగే చూశాను. పెళ్లయిన ఆడవాళ్లకి మాత్రమే వేసిన ప్రశ్న, పిల్లలెందరు పుట్టారు, ఎందరు పోయారు అని. భార్య లేదాయనకి. అయినా రాశాడు, ఏడుగురు పుట్టారు, ముగ్గురు పోయారు అని. అడగనిది రాశాడని గుమాస్తా ఎర్రసిరాతో కొట్టేశాడు. కొట్టివేత సన్నగా ఉంది, అంకెలు చదవగలిగాను. ఆ గుమాస్తాకి నా నమస్కారం చెప్పండి.

ఇక మీ వంశం సంగతి. 1931 ఆయన 1942లో అగ్నికి ఆహుతయ్యాడు. 1941 ఆయన యుద్ధం వల్ల పుట్టనే లేదు. 1951 ఆయన నూరేళ్ల నియమం ప్రకారం 2052 దాకా తలుపు తియ్యడు. అప్పటికి నేనుండను. మనవరాలికి లాగిన్ వివరాలు రాసిచ్చాను, చందా మాత్రం దాని మొగుడు కట్టుకుంటాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పేజీలో వరస తేలని ఒక కుటుంబానికి వియ్యంకుడు