ఈస్ట్‌గేట్ బిల్డింగ్ గురించి
ఆర్టికల్ బాగుంది కానీ జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ బిల్డింగ్ అచ్చం చెదపుట్టలాగే చల్లబడుతుందని రాసేశారు, అదంత సింపుల్ కాదండీ. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ డిజైన్ చేసిన, 1996లో ఓపెన్ చేసిన ఆ బిల్డింగ్‌లో అసలు పని కాంక్రీటుది, పగలంతా లోపలి వేడిని పీల్చుకుంటుంది, రాత్రి బయటి చల్లగాలిని ఫ్యాన్లతో ఫ్లోర్ల కింది ఖాళీల్లోకి తోలితే ఆ వేడంతా చిమ్నీల్లోంచి పైకి పోతుంది, పొద్దున్నకి కాంక్రీటు మళ్లీ చల్లగా రెడీ. చెదపురుగులు ఫ్యాన్లు పెట్టుకోవు కదా 😀 పైగా పుట్ట ఏసీలా పనిచేస్తుందన్న పాత థియరీనే తర్వాత చెదపుట్టల మీద రీసెర్చ్ చేసిన బయాలజిస్ట్ స్కాట్ టర్నర్ వాళ్లు కాదన్నారు, గూట్లో టెంపరేచర్ చుట్టూ ఉన్న నేలతో పాటే మారుతుందట. అయినా బిల్డింగ్ మాత్రం భేషుగ్గా ఉంది, అది వేరే సంగతి. హరారేలో రాత్రిళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి కుదిరింది, మే నెల విజయవాడలో రాత్రి కూడా ఉక్కపోతే కదా, ఇక్కడ ఇదే కాపీ కొడదామనేవాళ్లు ముందు ఆ లెక్క చూసుకోవాలి.