లమీన్ యమాల్ మీద ఆ మెసేజ్ ఇక పంపకండి

స్పెయిన్‌కి, బార్సిలోనా క్లబ్బుకి ఆడే కుర్ర ఫుట్‌బాలర్ లమీన్ యమాల్‌ని తిడుతూ తిరుగుతున్న ఆ వాట్సాప్ మెసేజ్ పదిహేను రోజుల్లో నాకు ఏడుసార్లు వచ్చింది. కాలేజీ గ్రూపులో రెండుసార్లు, ఆదివారం ఆడుకునేవాళ్ల గ్రూపులో మూడుసార్లు, మా బావమరిది విడిగా ఒకసారి. ఏడోసారి పంపింది నా దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకునే ఒక కుర్రాడి తండ్రి. "మావాడికి చదివి వినిపించాను సార్" అని కింద రాశారు. అది చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. "యమాల్‌కి ఆట ఉంది, బుద్ధి లేదు" అని పైన పెట్టి కింద ఆరు పాయింట్లు రాశారు. జుట్టుకి రంగు, మెడలో గొలుసులు. గోల్ కొట్టాక వేళ్లతో పొగరు సైగలు. ఇదే వయసులో మెస్సీ అణకువ చూసి నేర్చుకోవాలట. బార్సిలోనాకి బద్ధ ప్రత్యర్థి అయిన రియల్ మాడ్రిడ్ మీద నోరు జారాడు. పుట్టినరోజుకి డబ్బు తగలేసి పార్టీ చేశాడు. ఇక ఆఖరిది, అటూ ఇటూ మంట బొమ్మలు పెట్టి మరీ రాసింది: గజ్జల్లో నొప్పి అని సాకు చెప్పి దేశానికి ఆడకుండా తప్పించుకున్నాడు, నొప్పిని పంటి బిగువున భరించి ఆడేవాడే అసలైన టీమ్ మనిషి.

జుట్టు గురించి నేనేం మాట్లాడను. జుట్టు వాడిది.

ఆ సైగ పొగరు కాదు. వేళ్లతో వాడు చూపించేది 304. బార్సిలోనా దగ్గరి మతారో ఊళ్లో వాడు పెరిగిన రొకాఫొండా పేట పిన్‌కోడ్ 08304, అందులో చివరి మూడంకెలు. వలస వచ్చిన కష్టజీవులు ఉండే పేట అది. 2024 యూరో కప్ సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టిన రోజు కూడా 304 చూపించాడు. అప్పటికి 17 నిండలేదు. తన పేటని ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేసిన పిల్లాణ్ని పొగరుబోతు అనడానికి నోరెలా వచ్చింది?

మెస్సీ పాయింట్ రాసినవాళ్లకి మెస్సీ గురించే తెలియదు. 2005 ఆగస్టులో అర్జెంటీనాకి మొదటిసారి ఆడిన మ్యాచ్‌లో, హంగరీ మీద, ఇంకొకరి బదులు సబ్‌గా దిగి రెండు నిమిషాలు కాకముందే మోచెయ్యి విసిరినందుకు రెడ్ కార్డ్ తెచ్చుకుని బయటికొచ్చాడు. అప్పుడు మెస్సీకి 18. ఆ రోజు వాట్సాప్ ఉండి ఉంటే వీళ్లే "ఈ కుర్రాడు దేశానికి పనికిరాడు" అని తిప్పేవాళ్లు. బార్సిలోనా సీనియర్ జట్టులో మొదటి సీజన్లో మెస్సీ లీగ్‌లో కొట్టింది ఒక్క గోల్. చుట్టూ రొనాల్డీనోలాంటి పెద్దవాళ్లు ఉన్నారు, బరువు వాళ్లు మోశారు. యమాల్ 15 ఏళ్లకే సీనియర్ జట్టులోకొచ్చి, 18 నిండకముందే బార్సిలోనాకి వంద మ్యాచ్‌లు దాటాడు. ఇద్దరూ మోసిన బరువు ఒకటి కానే కాదు.

మాడ్రిడ్ మీద మాట్లాడినదానికొస్తే, అవును, మాట్లాడకూడదు. 2025 అక్టోబరులో వాళ్లతో మ్యాచ్‌కి ముందు ఒక సరదా కార్యక్రమంలో "వాళ్లు దొంగతనం చేస్తారు, పైగా ఏడుస్తారు" అన్నాడు. మ్యాచ్ 2-1తో పోయింది. ఆఖర్లో మాడ్రిడ్ ఆటగాడు కార్వహాల్ వచ్చి నోరెక్కువైందని మొహం మీదే అన్నాడు. అక్కడికి చెల్లుకు చెల్లు. అదే పిల్లాడు యూరో సెమీఫైనల్‌కి ముందు ఫ్రాన్స్ ఆటగాడు రాబియో "ఇప్పటిదాకా ఆడింది చాలదు" అన్నట్టు మాట్లాడితే, రాబియో ఎదురుగా నిలబడి ఉండగానే పాతిక గజాల దూరం నుంచి బంతిని పైమూలకి పంపించి జవాబిచ్చాడు. ఆ టోర్నమెంటులో హోటల్ గదిలో కూచుని స్కూల్ హోంవర్క్ కూడా చేసుకున్నాడు. మెసేజ్ రాసినవాళ్లకి ఇది మాత్రం కనబడలేదు.

ఇక ఆ మంట బొమ్మల పాయింట్. ఈ ఒక్కటి లేకపోతే నేను ఇంత రాసేవాణ్నే కాదు.

"సాకు" అన్నారు కదా, వరసగా చెప్తా వినండి. 2025 సెప్టెంబరులో స్పెయిన్ వరల్డ్ కప్ క్వాలిఫయర్లు రెండు ఆడింది. బల్గేరియా మీద 3-0, టర్కీ మీద 6-0. నొప్పి ఉన్న యమాల్‌ని ఒకదాంట్లో 79 నిమిషాలు, ఇంకోదాంట్లో 73 నిమిషాలు ఆడించారు. తిరిగొచ్చాక బార్సిలోనా కోచ్ హాన్సీ ఫ్లిక్ బహిరంగంగానే మండిపడ్డాడు: నొప్పి మాత్రలిచ్చి ఆడించారు, మధ్యలో ప్రాక్టీస్ కూడా చేయలేని స్థితిలో ఉన్నాడు, ఇది ఆటగాణ్ని చూసుకునే తీరు కాదని. ఆ తర్వాత వరసగా మ్యాచ్‌లకి దూరమయ్యాడు. నెలాఖరున తిరిగొచ్చాడు, సబ్‌గా దిగిన మొదటి నిమిషంలోనే సహచరుడు లెవాండోవ్‌స్కీకి గోల్ అందించాడు. మళ్లీ నొప్పి తిరగబెట్టింది. నవంబరులో జాతీయ జట్టు క్యాంపు మొదలయ్యే రోజు పొద్దునే గజ్జలకి నొప్పి తగ్గించే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స చేయించారు. డాక్టర్ వారం, పది రోజులు విశ్రాంతి చెప్పాడు. తమకి ముందుగా చెప్పలేదని స్పెయిన్ ఫెడరేషన్‌కి కోపం వచ్చింది. రావడంలో న్యాయముంది, క్లబ్బు ముందే ఫోన్ చేసి ఉండాల్సింది. కానీ ఇది రెండు ఆఫీసుల మధ్య తగువు. దేశం కోసం మాత్రలు మింగి ఆడినవాడికే "దేశమంటే లెక్కలేదు" అని ముద్ర వేస్తారా?

పంటి బిగువున ఆడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేరే క్లబ్బు దాకా పోనక్కర్లేదు. 2020–21లో బార్సిలోనాకే ఆడే పెడ్రి 18 ఏళ్ల వయసులో క్లబ్బు, యూరో, టోక్యో ఒలింపిక్స్ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. అందరూ శభాష్ అన్నారు. ఆ తర్వాత సీజన్ల తరబడి తొడ కండరాలు పట్టేస్తూ, చిరుగుతూ మంచాన పడ్డాడు. అదే క్లబ్బులో ఆడిన అన్సు ఫాతి సంగతి ఇంకా బాధ. 2020 సెప్టెంబరులో స్పెయిన్‌కి గోల్ కొట్టినప్పుడు, అప్పటిదాకా అలా కొట్టినవాళ్లలో అతి చిన్నవాడు అతనే. అదే ఏడాది నవంబరులో మోకాలు పోయింది, ఆపరేషన్ మీద ఆపరేషన్ అయింది. మెస్సీ వెళ్లిపోగానే 10వ నంబర్ జెర్సీ అతని భుజాల మీద వేశారు. ఆ పాత వేగం మళ్లీ రాలేదు. ఇప్పుడు అదే నంబర్ యమాల్ వీపు మీద ఉంది.

నేను పదహారేళ్లలోపు పిల్లలకి నేర్పిస్తాను. నాకు ఆ తండ్రి పేరు కనబడగానే కడుపులో తిప్పినట్టైంది ఎందుకంటే, వాళ్ల అబ్బాయికి ఉన్నది కూడా గజ్జల్లో నొప్పే. మూడు వారాలుగా వాడు బంతిని కాలి లోపలి వైపుతో కాకుండా బయటి వైపుతో కొడుతున్నాడు. కొత్త స్టైల్ అనుకున్నాను, తప్పు నాది. మొన్న మ్యాచ్‌కి ముందు షిన్ ప్యాడ్ తీస్తుంటే బ్యాగులోంచి మాత్రల షీటు జారి పడింది. పదింట్లో ఆరు ఖాళీ. పదిహేనేళ్ల పిల్లాడు. అడిగితే తలొంచుకుని, "చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారేమో అని సార్" అన్నాడు. ఆ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.

నిబద్ధత అంటే నేను చూసేవి వేరే ఉన్నాయి. బంతి పోగొట్టుకున్నాక మొదటి మూడు సెకన్లు ఏం చేస్తాడు. బయటికి పిలిస్తే లోపలికి వెళ్లేవాడికి చెయ్యి కలుపుతాడా, సీసా విసిరికొడతాడా. తన పక్కన ఆడే డిఫెండర్ తప్పు చేస్తే వాడివైపు ఎలా చూస్తాడు. నొప్పి పుడితే వచ్చి చెప్తాడా. ఈ నాలుగోది అన్నిటికంటే కష్టం, దానికి పిల్లాడి కంటే ముందు మనం మారాలి. అమ్ముగూడ నుంచి రోజూ మైదానానికి రావడానికి డబ్బుల్లేవని అప్పట్లో కుర్రాడైన ఫుట్‌బాలర్ బలరాం చెప్తే, కోచ్ రహీం సాబ్ శ్రద్ధ లేదని తిట్టలేదు, అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, 1962లో జకార్తా నుంచి ఆసియా క్రీడల బంగారంతో వచ్చాడు. హైదరాబాద్‌లో కోచింగ్ అంటే ఇలా ఉండేది.

పార్టీ పాయింట్ వదిలేశాననుకోకండి. అక్కడ మీరు పట్టుకున్న తప్పు తప్పే కాదు, కానీ అసలు తప్పు అక్కడే ఉంది. డబ్బు వాడిది, ఎంతైనా పెట్టుకోనీ. మరుగుజ్జు మనుషుల్ని వినోదం కోసం కిరాయికి పిలిచారన్న వార్త చదివి నాకు సిగ్గేసింది. అలాంటి శరీరంతో బతికేవాళ్ల సంఘం అభ్యంతరం చెప్పింది, స్పెయిన్ ప్రభుత్వం విచారణ కోరింది. దాన్ని వయసు పేరు చెప్పి నేను వెనకేసుకురాను. పద్దెనిమిదేళ్లకి అంత తెలియాలి. యమాల్ ఇంకా పెద్దవాడు కాలేదని ఎవరైనా అంటే ఈ ఒక్క విషయం చూపించండి, నేను ఒప్పుకుంటాను. మీ మెసేజ్‌లో దీనిగురించి ఒక్క ముక్క లేదు.

ఆ తండ్రికి నిన్న రాత్రే ఫోన్ చేశాను. ముందు కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత మాత్రల సంగతి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. సోమవారం స్కాన్‌కి తీసుకెళ్తామన్నారు. వచ్చే మ్యాచ్‌కి వాడి జెర్సీ ఎవరికీ ఇవ్వడంలేదని వాడికి చెప్పమన్నాను.