సెన్సిటివిటీ కోడ్ కాపీ కొడితే గురి కుదరదు తమ్ముళ్లూ

నెల్లూరు, కావలి, ఒంగోలు... యాడ చూసినా పిల్లోళ్లు ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట పెట్టుకోగానే చేసే మొదటి పని యూట్యూబ్‌లో ఎవరిదో సెన్సిటివిటీ కోడ్ (వేలు కదిపితే గురి ఎంత కదలాలో చెప్పే అంకెల సెట్టింగ్) వేసుకోవడం. రెండో పని నేరుగా క్లాసిక్‌లో, అంటే అసలు పెద్ద మ్యాచ్‌లో దూకడం. మూడు నిమిషాలకి చచ్చి లాబీకొచ్చి ఫోన్‌ని తిట్టడం. తప్పు ఫోన్‌ది కాదు, నేర్చుకునే వరసది.

వరసంటే ఏందో 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్లో చూడండి. చివర్లో ఎదురెదురు మెట్లు రెండు జతలుంటాయి. మొదటి జత మధ్యన నేలే ఉంటది, దూకడం తప్పినా మళ్లీ ఎక్కొచ్చు. రెండో జత మధ్యన గొయ్యి. దూకే పని అదే, కొత్తగా చేరింది ప్రాణభయం ఒక్కటే. 2007లో వచ్చిన పోర్టల్ ఆట కూడా, గోడల్లో ద్వారాలు తెరిచే గన్ను చేతికిచ్చాక ముందు ఒక్క ద్వారమే తెరవనిస్తుంది, రెండోది తర్వాతే. నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో బండి నేర్పేవాళ్లూ అంతే కదా, క్లచ్ వదలడం రానోణ్ణి ట్రంకు రోడ్డెక్కించరు.

మరి బీజీఎంఐలో ఎట్టా? ట్రైనింగ్ గ్రౌండ్‌కి పోండి. జైరో (ఫోన్ వంచితే గురి కదిలే సెట్టింగ్) ఆపేయండి. ఎం416 గన్నుకి రెడ్ డాట్ (ఎర్ర చుక్క సైటు) ఒక్కటే పెట్టి, పది పదిహేను మీటర్ల దూరంలో గోడ ముందు నిలబడి, వేలు కదపకుండా 30 తూటాలూ కాల్చండి. గుర్తులు పైకి ఎక్కుతాయి, పక్కలకి కొంచెం ఊగుతాయి. ముందు దాన్ని కళ్లారా చూడాలి. ఇప్పుడు వేలు కిందికి లాగుతూ ఇంకో 30. బాగా లాగినా పైకే పోతుంటే ఏడీఎస్‌లో (కాల్చేటప్పుడు వేలు లాగితే గురి ఎంత కదలాలో చెప్పే సెట్టింగ్) రెడ్ డాట్ అంకె ఐదు పెంచండి. కిందికి దిగబడుతుంటే ఐదు తగ్గించండి. కెమెరా (కాల్చనప్పటి సెట్టింగ్), ఏడీఎస్, జైరో మూడూ ఒకేసారి తిప్పితే ఏది బాగు చేసిందో ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తేలదు. కాపీ కోడ్ పనిచేయనిదీ అందుకే: అది అతని స్క్రీన్ సైజుకి, అతను పట్టుకునే తీరుకి కుదిరిన లెక్క.

మూడు మ్యాగజైన్లు వరసగా అన్నం పళ్లెమంత జాగాలో పడేదాకా గోడ వదలొద్దు. ఆ తర్వాతే గన్ను కుదుపు తగ్గించే కాంపెన్సేటర్, వర్టికల్ గ్రిప్. అవి తగిలించగానే తూటాలు కిందికి పోతాయి, చాలామంది కంగారుపడి అంకెలు మార్చేస్తారు. మార్చొద్దు. గన్ను కుదురుకుంది, వేలింకా పాత బలంతోనే లాగుతుంది, అంతే. తగ్గించి లాగడం దానికి నేర్పాలి. (యూసీ, అంటే డబ్బిచ్చి కొనే ఆట నాణేలు, పోసి కొన్న గన్ను స్కిన్ ఈ కుదుపుని పిసరంత కూడా తగ్గించదు, ఇంట్లో డబ్బులు అట్టా తగలేయొద్దు.)

అప్పుడు టీడీఎం, అంటే రెండు జట్లు పోట్లాడే చిన్న మ్యాచ్. చచ్చినా వెంటనే మళ్లీ లేస్తారు కాబట్టి అది మారియో మొదటి జత మెట్ల లాంటిది. కదిలే మనిషి మీద గురి అక్కడ కుదిరాకే క్లాసిక్. 3ఎక్స్ స్కోప్ పెట్టిన రోజు మళ్లీ అదే గోడ, మొదటి మ్యాగజైన్ వేలు కదపకుండానే. 6ఎక్స్ జోలికి అప్పుడే పోబాకండి.